వంగే ఇనుము, విరిగే ఇనుము



ఇల్లు కట్టేచోట దించిన ఇనుప రాడ్లను కాస్త దగ్గరగా చూస్తే, ప్రతి రాడ్డు మీదా కంపెనీ పేరు పక్కన 500 అనే అంకె, డి అనే ఇంగ్లీషు అక్షరం ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. ఇల్లు కట్టించేవాళ్లు టన్ను ధర దగ్గర బేరమాడతారు, తూకం దగ్గర నిలబడతారు, తుప్పు గోటితో గీకి చూస్తారు. ఆ 500 ఏమిటి, పక్కన ఆ డి ఎందుకు అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. రాడ్డు గురించి తెలుసుకోవలసిన దాంట్లో సగం ఆ గుర్తుల్లోనే ఉంది.

500 అనేది మెగాపాస్కల్ లెక్క. మన మాటల్లో చెప్పుకోవాలంటే చదరపు మిల్లీమీటరుకు సుమారు 51 కిలోలు. 12 మిల్లీమీటర్ల రాడ్డును పైన బిగించి, కింద 5,700 కిలోల బరువు వేలాడదీశారనుకోండి. అది రవ్వంత సాగుతుంది, బరువు తీసెయ్యగానే మళ్లీ పాత పొడవుకు వచ్చేస్తుంది. ఆ హద్దు దాటిందా, సాగింది సాగినట్టే ఉండిపోతుంది. ఈ హద్దునే ఇంజనీర్లు ఈల్డ్ స్ట్రెంగ్త్ అంటారు. ఇక డి అంటే డక్టైల్, సాగే గుణం గలది. లాగి తెంచే పరీక్షలో మామూలు 500 రకం రాడ్డు తెగేలోపు 12 శాతం సాగితే చాలు. 500 డి అయితే కనీసం 16 శాతం సాగాలని భారతీయ ప్రమాణం.

నాలుగు శాతం ఏపాటి అనిపించవచ్చు. దాని విలువ భూకంపం రోజున తెలుస్తుంది. ఊగిపోతున్న భవనంలోకి వచ్చిపడిన శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. సాగే రాడ్డు సాగుతూ వంగుతూ ఆ శక్తిని మింగుతుంది. గోడలు పగులుతాయి, స్తంభాలు వంకర పోతాయి, అయినా లోపలివాళ్లు బయటపడేదాకా కప్పు నిలుస్తుంది. సాగని రాడ్డు ఎంత గట్టిదైనా చెప్పాపెట్టకుండా పుటుక్కుమంటుంది.

చిక్కేమిటంటే గట్టిదనానికీ సాగే గుణానికీ పడదు. ఒకటి పెంచబోతే రెండోది తగ్గుతుంది. కొలిమి పుట్టిన నాటి నుంచి నేటి విమానాల ఇంజన్ల దాకా లోహకారుల తంటాలన్నీ ఈ రెంటికీ పొత్తు కుదర్చడానికే. ఆ పొత్తు కుదిరే చోటు మాత్రం విచిత్రమైనది. లోహం లోపల ఉన్న లోపాల దగ్గరే అది కుదురుతుంది. ఏ లోపమూ లేని లోహం దొరికితే కమ్మరి దాన్ని వంచలేడు, కంసాలి దాన్ని తీగ తీయలేడు.

ఇది అర్థం కావాలంటే ముందు లోహాలన్నీ స్ఫటికాలని ఒప్పుకోవాలి. ఉప్పుకల్లు స్ఫటికమంటే ఎవరూ కాదనరు, గునపం కూడా స్ఫటికమే అంటే నమ్మబుద్ధి కాదు. జింకు పూత పూసిన కొత్త బకెట్టును వెలుతురులో తిప్పి చూస్తే పొరలు పొరలుగా మెరిసే మచ్చలు ఉంటాయి. ఒక్కో మచ్చ ఒక్కో జింకు స్ఫటికం. ఉక్కులోనూ ఇలాంటివే ఉంటాయి గానీ అవి మిల్లీమీటరులో వందో వంతు పరిమాణంలో ఉంటాయి కాబట్టి కంటికి ఆనవు. ఇంగ్లండులోని షెఫీల్డులో హెన్రీ క్లిఫ్టన్ సార్బీ అనే ఆయన 1860లలో ఉక్కు ముక్కను అద్దంలా నునుపు చేసి, దానిమీద ఆమ్లం పూసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి వాటిని చూశాడు. కత్తులూ కత్తెరలూ తయారు చేసే ఆ ఊళ్లో అంతకుముందు తరతరాలుగా ఉక్కుతో బతికినవాళ్లెవరూ దాని లోపలి రూపం చూడలేదు. ఈ స్ఫటికాలను గ్రెయిన్లు అంటారు, మనం రేణువులందాం.

ఒక్కో రేణువులో పరమాణువులు బారులు తీరి ఉంటాయి. మామూలు వేడిమి దగ్గర ఇనుములోనైతే ఘనం ఎనిమిది మూలల్లో ఎనిమిది, నడిమధ్య ఒకటి. రాగి, బంగారం, అల్యూమినియాలలో మూలల్లోనూ, ప్రతి ముఖం నడుమా ఉంటాయి. ఈ చిన్న తేడా ఎంత పెద్ద పెద్ద ఓడల తలరాతలు మార్చిందో తర్వాత చూద్దాం.

ఇప్పుడొక లెక్క. ఇంత క్రమంగా అమరిన బారుల్లో ఒక పొరను పట్టుకుని పక్క పొర మీదుగా జరపాలంటే ఎంత బలం కావాలి? 1926లో సోవియట్ శాస్త్రవేత్త యాకోవ్ ఫ్రెంకెల్ ఈ లెక్క వేశాడు. వచ్చిన జవాబు ఆశ్చర్యపరిచింది. మెత్తని రాగి, అల్యూమినియం స్ఫటికాలు నిజంగా లొంగిపోయే బలానికి అది వెయ్యి రెట్లు, కొన్నిచోట్ల అంతకు మించి ఎక్కువ. లెక్కలో తప్పు లేదు. అంటే లోహం ఉండవలసిన దానికంటే వెయ్యి రెట్లు మెత్తగా ఉందన్నమాట. ఎందుకు?

1934లో ముగ్గురు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒకే జవాబు చెప్పారు. కేంబ్రిడ్జిలో జెఫ్రీ టేలర్, హంగరీ వాడైన ఎగన్ ఒరోవాన్, అక్కడే పుట్టిన మైకేల్ పొలానీ. తన ఆలోచనే పొలానీకీ వచ్చిందని తెలిశాక ఒరోవాన్ తొందరపడి ముందు అచ్చు వేసుకోలేదు. ఇద్దరి వ్యాసాలూ ఒక జర్మన్ పత్రిక ఒకే సంచికలో పక్కపక్కన వెలువడ్డాయి. ఎవరు ముందన్న గొడవలతోనే కాలం గడిచే చోట ఇది గుర్తుంచుకోదగ్గ మర్యాద.

వాళ్లు చెప్పిందిదీ. పొర మొత్తం ఒక్కసారిగా జరగదు. పెళ్లి పందిట్లో పరిచిన పెద్ద జంపఖానాను నలుగురు పట్టి లాగినా కదలదు. అదే ఒక అంచు దగ్గర చిన్న మడత లేపి, ఆ మడతను కాలితో తోసుకుంటూ అవతలి అంచుదాకా తీసుకెళితే, ఒక్క మనిషే జంపఖానా మొత్తాన్ని జానెడు జరపగలడు. లోహంలోనూ అలాంటి మడత ఉంటుంది. పరమాణువుల బారుల్లో ఒక బారు సగంలో ఆగిపోయి ఉంటుంది. ఆ ఆగిపోయిన అంచు వెంట ఏర్పడిన గీతే డిస్‌లొకేషన్. బలం తగలగానే అది ఒక్కో బారే దాటుకుంటూ స్ఫటికం ఈ చివర నుంచి ఆ చివరికి పాకుతుంది. అది దాటిపోయేసరికి పొర ఒక్క పరమాణువంత జరిగి ఉంటుంది. చెంచా వంగినా, తీగ సాగినా, బిందె సొట్టపోయినా జరిగేది ఇదే. కోట్లాది డిస్‌లొకేషన్లు పాకుతూ పోవడం.

చాలాకాలం ఇది కాగితం మీది ఊహగానే ఉంది. నమ్మనివాళ్లూ ఉన్నారు. 1952లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కానియర్స్ హెరింగ్, గాల్ట్ అనే ఇద్దరు తగరం మీద వాటంతటవే మొలిచే అతి సన్నని మీసాల లాంటి పోగులను వంచి చూశారు. తల వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని ఆ పోగుల్లో లోపాలు దాదాపు లేవు. మామూలు తగరం చేత్తో వంగే మెత్తని లోహం, ఈ పోగులు మాత్రం ఫ్రెంకెల్ లెక్కకు దగ్గరగా నిలిచాయి. నాలుగేళ్లకు, 1956లో, కేంబ్రిడ్జిలో పీటర్ హిర్ష్ బృందం పల్చని అల్యూమినియం రేకును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పెట్టి, డిస్‌లొకేషన్లు నల్లని గీతల్లా కదులుతుండగా కళ్లతో చూసింది, సినిమా కూడా తీసింది. ఆ తర్వాత వాదం మిగల్లేదు.

అవెన్ని ఉంటాయో వింటే నమ్మశక్యం కాదు. బాగా కాల్చి మెత్తబరిచిన రాగి ముక్కను ఒక్క ఘన సెంటీమీటరు తీసుకుంటే, అందులోని డిస్‌లొకేషన్లన్నీ చివరకు చివర కలిపితే పది కిలోమీటర్లు వస్తాయి. అదే ముక్కను సమ్మెటతో బాగా సాగగొట్టాక కొలిస్తే కోటి కిలోమీటర్ల దాకా చేరుతుంది. ఇక్కడి నుంచి చంద్రుడి దాకా ఉన్న దూరానికి 26 రెట్లు, వేలి కొస అంత రాగిలో.

సాగగొట్టిన కొద్దీ లోపాలు పెరుగుతాయి సరే, మరి లోహం మెత్తబడాలి కదా అనిపిస్తుంది. జరిగేది తలకిందులు. కొన్ని ఉంటే స్వేచ్ఛగా పాకుతాయి. మరీ ఎక్కువైతే ఒకదానికొకటి అడ్డం పడి చిక్కుపడతాయి, ఏదీ కదలలేదు. రాగి తీగను ఒకచోటే ఇటూ అటూ వంచుతుంటే మొదట సులువుగా వంగి, తర్వాత మొరాయించి, చివరికి విరిగిపోవడం ఇందువల్లే. వరంగల్లు దగ్గరి పెంబర్తిలో ఇత్తడి రేకు మీద వెనకవైపు నుంచి కొట్టి బొమ్మలు ఉబ్బించే పనివాళ్లకు ఈ సంగతి చేతికి తెలుసు. కొంతసేపు కొట్టగానే రేకు బిగుసుకుంటుంది. దాన్ని మళ్లీ నిప్పుల మీద ఎర్రగా కాల్చి చల్లార్చి, అప్పుడు పని సాగిస్తారు. ఆ వేడికి చిక్కుపడిన రేణువుల స్థానంలో కొత్త రేణువులు పుట్టుకొస్తాయి, రేకు మళ్లీ చెప్పినట్టు వింటుంది. కాల్చకుండా మొండికేసి కొడితే చీలుతుంది.

కొన్ని దశాబ్దాల కిందట మన ఇళ్లకు వాడిన రాడ్లు మెలితిప్పినట్టు ఉండేవి. టోర్ స్టీల్ అనేవాళ్లు. ఆ మెలిక అందానికి పెట్టింది కాదు. చల్లటి రాడ్డును పట్టి మెలితిప్పితే డిస్‌లొకేషన్లు చిక్కుపడి బలం పెరిగేది. దానికి మూల్యంగా సాగే గుణం తగ్గేది.

అడ్డం పెట్టే దారులు ఇంకా ఉన్నాయి. తెలుగువాళ్ల ఇళ్లలో అందరికీ పరిచయమైన దారి 916. మేలిమి బంగారంతో గాజులు చేయిస్తే రోజువారీ వాడకానికి ఆగవు, సొట్టలు పడతాయి. అందుకే 22 కారెట్లలో నూటికి 91.6 పాళ్లు బంగారం ఉంచి, మిగతాది రాగి, వెండి కలుపుతారు. ఇందులో ఎక్కువ పని చేసేది రాగి. వెండి పరమాణువు పరిమాణం బంగారానికి దాదాపు సమానం కాబట్టి బారులో ఇమిడిపోయి ఊరుకుంటుంది. రాగి పరమాణువు చిన్నది. అది కూర్చున్న చోట చుట్టుపక్కల బారులు లోపలికి లాగినట్టవుతాయి, పాకుతూ వచ్చే డిస్‌లొకేషన్ అక్కడ తట్టుకుంటుంది. నగ కొనేటప్పుడు తరుగు, మజూరీల మీద జరిగే చర్చలో రాగికి దక్కే గౌరవం ఏమీ లేదు, కానీ గొలుసు కొక్కెం సాగిపోకుండా పట్టి ఉంచుతున్నది అదే.

రేణువులను చిన్నవి చేయడం మరో దారి. ఒక రేణువు సరిహద్దు దగ్గర బారుల దిశ మారిపోతుంది కాబట్టి డిస్‌లొకేషన్ అక్కడ ఆగిపోతుంది. రేణువులు ఎంత చిన్నవైతే అన్ని సరిహద్దులు. 1950ల మొదట్లో బ్రిటన్‌లో హాల్, పెచ్ అనే ఇద్దరు పరిశోధకులు దీనికి లెక్క కట్టారు. ఇంజనీర్లకు ఇది ప్రాణప్రదమైన దారి, ఎందుకంటే గట్టిదనం పెరుగుతూనే విరిగే భయం కూడా తగ్గే మార్గం దాదాపు ఇదొక్కటే.

ఇంకో దారి అనుకోకుండా దొరికింది. 1906లో బెర్లిన్ దగ్గర ఆల్‌ఫ్రెడ్ విల్మ్ అనే లోహశాస్త్రజ్ఞుడు తూటా గొట్టాలకు ఇత్తడి బదులు అల్యూమినియం పనికొస్తుందేమోనని చూస్తున్నాడు. అల్యూమినియంలో నాలుగు శాతం రాగి, కాస్త మెగ్నీషియం కలిపి, బాగా కాల్చి, నీళ్లలో ముంచాడు. ఉక్కులా బిగుసుకుంటుందని ఆశ. శనివారం కొలిస్తే ఏమంత గట్టిగా లేదు. సోమవారం మళ్లీ కొలిస్తే, ఎవరూ ముట్టుకోకపోయినా, గట్టిదనం పెరిగి ఉంది. పరికరం చెడిందేమోనన్న అనుమానం రావడం సహజమే. పరికరం బాగానే ఉంది. ఆ మిశ్రమం డ్యూరాలుమిన్ పేరుతో జెప్పెలిన్ గాలి ఓడల్లోకి, ఆపైన విమానాల్లోకి వెళ్లింది.

ఆ రెండు రోజుల్లో జరిగిందేమిటో తేలడానికి మరో 32 ఏళ్లు పట్టింది. వేడిలో అల్యూమినియంలో కరిగిపోయిన రాగి పరమాణువులు, ఒక్కసారిగా చల్లార్చడంతో బయటికి రాలేక చిక్కుకుపోతాయి. తర్వాత నిదానంగా కదులుతూ ఒకచోట చేరి ఒక్క పరమాణువు మందాన పల్చని పలకలు కడతాయి. 1938లో ఫ్రాన్సులో గినియే, ఇంగ్లండులో ప్రెస్టన్ ఎక్స్‌రేలతో వీటి జాడ పట్టారు. కంటికీ మామూలు సూక్ష్మదర్శినికీ కనబడని ఈ పలకలే డిస్‌లొకేషన్ల దారికి అడ్డం. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల ఫ్యాక్టరీల్లో కొన్ని రకాల అల్యూమినియం రివెట్లను ఐసు పెట్టెల్లో దాచడానికి కారణం ఇదే. బయట ఉంచితే దిగ్గొట్టేలోపే గట్టిపడిపోయేవి.

ఈ కథలో ఒక కొసమెరుపు ఉంది. 1994లో ఫ్రాంక్ గేల్, మార్తా గుడ్‌వే అనే అమెరికన్ పరిశోధకులు 1903 నాటి రైట్ సోదరుల విమానం ఇంజన్ పెట్టెలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించారు. ఎనిమిది శాతం రాగి కలిపి పోత పోసిన అల్యూమినియం అది. అందులో ఆ పలకలు ఉన్నాయి. పోత పోశాక అచ్చులో నెమ్మదిగా చల్లారే వేడికే అవి ఏర్పడ్డాయి. విల్మ్ సోమవారానికి మూడేళ్ల ముందే, ఎవరికీ తెలియకుండా, ఆ కిటుకు గాలిలోకి లేచింది.

ఇనుము కథ వేరు, దానికి ఇంకో విద్య ఉంది. 912 డిగ్రీలు దాటగానే ఇనుము తన పరమాణువుల అమరికే మార్చుకుంటుంది. నడిమధ్య పరమాణువున్న ఘనం పోయి, ముఖాల మీద పరమాణువులున్న ఘనం వస్తుంది. ఆ కొత్త అమరికలో బొగ్గు పరమాణువులకు చోటు బోలెడు. బరువులో రెండు శాతం దాకా బొగ్గు దాంట్లో ఇముడుతుంది. చల్లారి పాత అమరికకు వచ్చాక 0.02 శాతానికి మించి పట్టదు. నెమ్మదిగా చల్లారితే ఆ మిగులు బొగ్గు ఇనుముతో కలిసి సిమెంటైట్ అనే గట్టి పదార్థంగా విడివడుతుంది. కమ్మరి ఎర్రగా కాలిన కొడవలి అంచును చుయ్యిమని నీళ్లలో ముంచితే ఆ వ్యవధి దొరకదు. బొగ్గు ఎక్కడిదక్కడే ఇరుక్కుపోయి ఘనాలన్నీ పొడవుగా సాగి బిగుసుకుపోతాయి. జర్మన్ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ మార్టెన్స్ పేరు మీద దాన్ని మార్టెన్‌సైట్ అంటారు. గాజును గీయగలిగేంత గట్టిది, గాజులాగే పెళుసు. అందుకే కమ్మరి దాన్ని మళ్లీ కొంచెం వేడి చేస్తాడు. అంచు మీద లేత పసుపు, ఊదా, నీలం రంగులు వరసగా పరుగెత్తుతాయి. ఏ పనిముట్టును ఏ రంగు దగ్గర ఆపాలో అనుభవం చెబుతుంది. ఆ రంగులు ఉపరితలం మీద పెరిగే ఆక్సైడు పొర మందాన్ని బట్టి వస్తాయి, కాబట్టి థర్మామీటరు లేనివాడికి అదే థర్మామీటరు.

ఇప్పుడు ఇళ్లకు వాడే టీఎంటీ రాడ్డులో ఉన్నది ఇదే విద్య. విశాఖ ఉక్కు కర్మాగారం లాంటి చోట్ల రోలింగ్ మిల్లు చివరి రోలర్ల నుంచి వెయ్యి డిగ్రీలకు దగ్గరి వేడితో దూసుకొచ్చే రాడ్డు మీద నీటి ధారలు విరుచుకుపడతాయి. సెకను, అటూ ఇటూ. పై పొర మార్టెన్‌సైట్ అయిపోతుంది, లోపల మాత్రం ఇంకా ఎర్రగానే ఉంటుంది. ఆ లోపలి వేడి బయటికి వస్తూ పై పొర పెళుసుదనాన్ని పోగొడుతుంది. కమ్మరి రెండోసారి కొలిమిలో పెట్టే పనిని రాడ్డు తన వేడితోనే చేసుకుంటుంది. లోపలి భాగం నిదానంగా చల్లారి మెత్తగా, సాగేదిగా మిగులుతుంది. రాడ్డును అడ్డంగా కోసి, నునుపు చేసి ఆమ్లం పూస్తే బయట ముదురు రంగు వలయం, మధ్య లేత రంగు స్పష్టంగా కనిపిస్తాయి. 500కు వలయం పూచీ, డికి మధ్యభాగం పూచీ.

ఉక్కు మాట వచ్చాక తెలంగాణను దాటిపోవడం కుదరదు. నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం ఒకప్పుడు పర్షియా వర్తకులకు బాగా తెలిసిన ఊరు. గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వేలో వైద్యుడిగా, భూగర్భ పరిశోధకుడిగా పనిచేసిన హెన్రీ వాయ్‌సీ 1820ల ప్రాంతంలో అక్కడికి వెళ్లి, మట్టి మూసల్లో ఇనుము కరిగించి ఉక్కు తీసే పద్ధతిని రాసిపెట్టాడు. ఆయన చనిపోయాక 1832లో అది అచ్చయింది. తాను వెళ్లినప్పుడు ఇస్ఫహాన్ వర్తకుడొకడు అక్కడే మకాం వేసి సరుకు కొంటున్నాడని, పర్షియావాళ్లు పద్ధతంతా చూసి నేర్చుకుని కూడా తమ దేశంలో దాన్ని చేయలేకపోయారని ఆయన రాశాడు. అంతకుముందే, 17వ శతాబ్దంలో, డచ్చివాళ్లు గోల్కొండ రాజ్యపు తీరం నుంచి ఉక్కును ఓడల్లో తరలించేవాళ్లు. పశ్చిమాసియాలో సాగగొట్టిన ఈ ఉక్కే డమాస్కస్ కత్తులుగా, నీటి అలల్లాంటి చారలతో ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది.

మూస ఉక్కులో బొగ్గు దాదాపు 1.5 శాతం. ఇప్పటి ఇళ్ల రాడ్డులో ఉండేదానికి ఇది ఐదారు రెట్లు. ఇంత బొగ్గున్న ఉక్కు పెళుసుగా ఉండాలి. యూరపు కమ్మర్లు తమ అలవాటు కొద్దీ దాన్ని తెల్లగా కాగేదాకా కాల్చి సుత్తి వేస్తే పొడిపొడిగా రాలిపోయింది. అంత బొగ్గుంటే ఉక్కు కరిగే వేడిమి దిగిపోతుంది, తెల్లగా కాగేసరికి రేణువుల సరిహద్దులు కరగడం మొదలవుతుంది. తూర్పుదేశపు కమ్మరి దాన్ని ఎర్రటి వేడి దాటనిచ్చేవాడు కాదు. ఓపికగా, మళ్లీ మళ్లీ కాలుస్తూ సాగగొట్టేవాడు. దాంతో పెళుసైన సిమెంటైట్ వల తెగి చిన్న గుండ్లుగా మారి, మెత్తని ఇనుములో వరసలు వరసలుగా సర్దుకునేది. కత్తి మీది చారలు ఆ వరసలే.

లండనులో కమ్మరి కొడుకు ఒకడికి ఈ ఉక్కు మీద మోజు పుట్టింది. పేరు మైకేల్ ఫారడే. విద్యుత్తులో పేరు రాకముందే, 1819 నుంచి, కత్తుల తయారీదారు జేమ్స్ స్టొడార్ట్‌తో కలిసి దాన్ని విశ్లేషించి, అందులో కొద్దిపాటి అల్యూమినా ఉండటమే రహస్యమనుకున్నాడు. ఊహ తప్పింది గానీ, ఉక్కులో ఇతర లోహాలు కలిపి చూసే పనికి అది నాంది అయింది. 1990లలో అమెరికా లోహశాస్త్రజ్ఞుడు జాన్ వెర్‌హోవెన్, కత్తులు సాగగొట్టే ఆల్‌ఫ్రెడ్ పెండ్రే కలిసి ఆ చారలను మళ్లీ రప్పించారు. వాళ్ల పరీక్షల్లో తేలింది వనేడియం. శాతంలో వందో వంతు కూడా లేనంత కొద్దిగా ఉన్నా సిమెంటైట్ గుండ్లు వరసలు కడతాయి. అంటే ఖనిజం మారితే చారలు రావు. పర్షియా వర్తకుల వైఫల్యానికి అది కూడా ఒక కారణం అయ్యుండవచ్చు. స్టాన్‌ఫర్డ్‌లో ఓలెగ్ షెర్బీ, జెఫ్రీ వాడ్స్‌వర్త్ ఇంకో వైపు నుంచి ఇక్కడికే వచ్చారు. ఎక్కువ బొగ్గున్న ఉక్కులో రేణువులను బాగా చిన్నవి చేస్తే వేడిలో కొన్ని వందల శాతం సాగుతుందని 1970లలో కనుక్కుని, తాము తయారు చేసినదాని కూర్పు పాత డమాస్కస్ కత్తులదేనని తర్వాత తెలుసుకున్నారు.

ఇక ఓడల సంగతి. 1943 జనవరి 16 రాత్రి అమెరికాలోని పోర్ట్‌లండ్ రేవులో, కొత్తగా కట్టిన షెనెక్టడీ అనే చమురు ఓడ ఒడ్డున కట్టేసి ఉండగానే నడిమికి రెండుగా విరిగింది. తుపాను లేదు, టార్పెడో లేదు, చలి మాత్రం ఉంది. యుద్ధకాలంలో రివెట్లు మాని వెల్డింగుతో హడావిడిగా కట్టిన ఓడల్లో ఇలాంటి పగుళ్లు చాలా వచ్చాయి. తప్పంతా వెల్డర్లదేనని మొదట అందరూ అన్నారు. కేంబ్రిడ్జిలో కాన్‌స్టన్స్ టిప్పర్ అనే ఆవిడ ఉక్కు పలకలనే పరీక్షించి, ఒక వేడిమి కంటే దిగువకు వస్తే ఆ ఉక్కే పెళుసుగా మారుతోందని చూపించింది. వెల్డింగు చేసిన అపకారం వేరు. రివెట్ల ఓడలో పగులు ఒక పలక అంచు దగ్గర ఆగేది, వెల్డింగు ఓడలో ఆపేవాళ్లు లేరు.

దీని మూలం మనం ముందు చెప్పుకున్న ఘనంలో ఉంది. నడిమధ్య పరమాణువున్న అమరికలో డిస్‌లొకేషన్లు పాకడానికి వేడి సాయం కావాలి. చలిలో అవి మొరాయిస్తాయి, సాగలేని లోహం పగులుతుంది. ముఖాల మీద పరమాణువులున్న అల్యూమినియానికి ఈ బెడద లేదు. శ్రీహరికోట నుంచి లేచే రాకెట్ల క్రయోజెనిక్ దశలో మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్‌ను మోసే ట్యాంకులు అల్యూమినియంతో చేయడానికి తేలికదనం ఒక కారణమైతే ఇది మరొకటి. ఇస్రో వాడే ఆ 2219 మిశ్రమంలో ముఖ్యంగా కలిసేది ఆరు శాతం పైచిలుకు రాగి, విల్మ్ వంశానిదే.

బలం హద్దు దాటకపోయినా లోహం ఓడిపోయే సందర్భాలూ ఉన్నాయి. చిన్న బలమే లక్షలసార్లు పడితే చాలు. రైలు ఇరుసుల మీద జర్మన్ ఇంజనీరు ఆగస్ట్ వోలర్ 19వ శతాబ్దంలో ఏళ్ల తరబడి చేసిన పరీక్షలు ఈ అలసటకు మొదటి లెక్కలు. డిస్‌లొకేషన్లు ఒకే దారిలో ముందుకూ వెనక్కూ తిరిగి తిరిగి ఉపరితలం మీద సన్నని గాట్లు లేపుతాయి, అక్కడ పగులు పుడుతుంది. 1954లో మూడు నెలల తేడాతో రెండు కామెట్ జెట్ విమానాలు మధ్యధరా ప్రాంతంలో గాలిలోనే విచ్చిపోయి 56 మంది చనిపోయారు. కారణం తేల్చడానికి మరో కామెట్‌ను ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో నీళ్ల తొట్టిలో ముంచి, లోపల పీడనం పెంచుతూ తగ్గిస్తూ పోయారు. నిజంగా ఎగిరినవీ తొట్టిలోవీ కలిపి 3,057 ప్రయాణాల దగ్గర, ఒక కిటికీ మూల నుంచి రేకు చీలింది. నేటి విమానాల కిటికీలకు కోసు మూలలు ఉండవు.

చివరగా వేడి. జెట్ ఇంజన్ టర్బైన్‌లోకి వచ్చే వాయువు 1,500 డిగ్రీలు దాటుతుంది. అక్కడి బ్లేడు నికెల్ మిశ్రమం 1,300, 1,400 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. లోపల సన్నని కాలువల్లో చల్లగాలి పారించి, పైన సిరామిక్ పూత పూసి దాన్ని కాపాడుతారు. అయినా ఆ వేడిలో గిరగిరా తిరుగుతూ బ్లేడు గంటగంటకూ రవ్వంత సాగుతుంది. ఇంతదాకా బలానికి అండగా ఉన్న రేణువుల సరిహద్దులే ఇక్కడ శత్రువులు. అంత వేడిలో పరమాణువులు సరిహద్దుల వెంట జారుకుంటాయి, అక్కడే పగుళ్లు పుడతాయి. అందుకని సరిహద్దులే లేకుండా చేశారు. బ్లేడు మొత్తం ఒకే స్ఫటికం.

దాన్ని పోత పోసే తీరు చూడముచ్చటగా ఉంటుంది. అచ్చు అడుగున చల్లటి పలక ఉంటుంది. కరిగిన లోహం అక్కడ గడ్డకట్టడం మొదలుపెట్టి ఎన్నో స్ఫటికాలు పైకి పెరుగుతాయి. వాటి దారిలో మెలికలు తిరిగిన సన్నని గొట్టం ఒకటి పెడతారు. మలుపు మలుపుకూ కొన్ని ఆగిపోయి, చివరికి ఒక్కటి బయటపడి బ్లేడంతా అదే అల్లుకుంటుంది. ఆ స్ఫటికం లోపల నికెల్, అల్యూమినియం కలిసిన చిన్న చిన్న ఘనాలు ఇసుమంత ఎడంతో కిక్కిరిసి ఉంటాయి. సగానికి పైగా చోటు వాటిదే. వీటికో వింత గుణం, వేడెక్కిన కొద్దీ సుమారు 800 డిగ్రీల దాకా బలం పెరుగుతుంది.

ఈ విద్య తెలిసిన దేశాలు కొన్నే. హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల, డీఎంఆర్ఎల్, హెలికాప్టర్ ఇంజన్ కోసం ఏకస్ఫటిక బ్లేడ్లు తయారు చేసి, వాటిలో 60 బ్లేడ్లను హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌కు అందించినట్టు 2021 ఏప్రిల్‌లో ప్రకటించింది. మొత్తం 300 చేయాలన్నది అప్పటి ప్రణాళిక. అచ్చులోంచి తీసిన బ్లేడు కంటికి నిగనిగలాడుతూ ఎంత బాగున్నా సరిపోదు. ఏ మూలనో ఇంకో చిన్న రేణువు మొలిచిందేమోనని ఆమ్లంతో చూస్తారు, స్ఫటికం బ్లేడు నిలువుగీత నుంచి ఎన్ని డిగ్రీలు పక్కకు వాలిందో ఎక్స్‌రేతో కొలుస్తారు. అనుమతించిన వాలు దాటితే దాన్ని ఇంజన్‌లోకి పంపరు.